సంఘంలో కులాన్ని పాపంగా ఒప్పుకుని దిద్దుకోవడం ఎలా

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఏ సంఘ పెద్దను కదిలించినా "మా సంఘంలో కులం లేదప్పా, క్రీస్తులో అందరం ఒకటే" అంటారు. ఆ మాట ఎంత నిజమో తేలాలంటే నాలుగు చోట్ల చూస్తే చాలు. ప్రభుబల్లకు (రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి) ఎవరు ముందు లేస్తున్నారు, ప్రేమవిందు (సంఘమంతా కలిసి తినే భోజనం) ఎవరు వండుతున్నారు, సమాధుల తోటలో ఎవరు ఏ మూలకు చేరారు, పిల్లకు సంబంధం చూసేటప్పుడు మొట్టమొదట ఏం అడుగుతున్నారు.

ఇది కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం నడిపే అక్కలకు ఉద్దేశించి రాసింది. నలభై నుంచి నూటయాభై కుటుంబాలున్న పల్లె సంఘం, లేదా చిన్న పట్టణపు సంఘం మనసులో పెట్టుకోండి. పనికి సుమారు మూడు నెలలు పడుతుంది. ఒక ఆదివారం గట్టిగా ప్రసంగించి వదిలేస్తే మాత్రం, కడుపులో ఉన్నది కడుపులోనే ఉండిపోతుంది.

ముందు కాపరికి తేటపడాల్సినవి

జాతి వివక్ష అనగానే మనకు అమెరికా, దక్షిణాఫ్రికా గుర్తొస్తాయి. అక్కడి సంగతి నేర్చుకోవాల్సిందే. ఎందుకంటే అక్కడ తప్పు చేసినవాళ్ళూ ప్రతి ఆదివారం వాక్యం చదివినవాళ్ళే. దక్షిణాఫ్రికాలో డచ్ రిఫార్మ్డ్ సంఘం 1857 సినడ్‌లో (సంఘ మహాసభలో) ఒక తీర్మానం చేసింది. అన్ని జాతులవారూ కలిసి ఆరాధించడమే లేఖనానికి తగినదని అందులో ఒప్పుకున్నారు. అయితే "కొందరి బలహీనత" వల్ల ఇబ్బంది వస్తున్నచోట విడివిడిగా కూడుకోవచ్చని అనుమతించారు. అప్పటికి అది సర్దుబాటు. 1881 నాటికి రంగునుబట్టి వేరే సంఘమే ఏర్పడింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ వేర్పాటు దేవుని ఏర్పాటేనని బోధించే దాకా వెళ్ళారు. చివరికి అలా వేరుచేయబడ్డవాళ్ళ సంఘమే 1982లో బెల్హార్ విశ్వాస ప్రకటన రాసి, 1986లో దాన్ని స్వీకరించి, ఆ బోధ సువార్తకు విరోధమని తేల్చి చెప్పింది. అమెరికాలో సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ 1845లో పుట్టిందే బానిసలను ఉంచుకున్నవాళ్ళు మిషనరీలు కావచ్చునా అన్న తగవులోంచి. దానికి క్షమాపణ అడగడానికి వాళ్ళకు 1995 దాకా పట్టింది.

మన దగ్గర ఇదే పాపం కులం వేషంలో ఉంది. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లోనే దక్షిణాది సంఘాలకు ఉత్తరం రాసి, కుల భేదాలు సంఘంలో వెంటనే, పూర్తిగా పోవాలన్నాడు. ఇంకా పోలేదు. రాయలసీమలో దానికొక చారిత్రక కారణం ఉంది. లండన్ మిషన్ 1822లో కడపకు వచ్చింది. తర్వాత నంద్యాల, ముత్యాలపాడు వైపు ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ వాళ్ళు, కర్నూలు వైపు అమెరికన్ బాప్టిస్టులు పనిచేశారు. జనం ఒక్కొక్కరుగా కాకుండా గేరికి గేరి (ఒక కులంవాళ్ళు ఉండే వీధి) కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. అణగారినవాళ్ళకు అది గొప్ప విడుదల. కానీ అందువల్లే ఒక్కో మందిరం ఒక్కో గేరి మందిరంగా నిలిచిపోయింది. తర్వాత ఇంకో గేరివాళ్ళు విశ్వాసంలోకి వస్తే, ఉన్న మందిరంలోకి రాకుండా అవతల రోడ్డు పక్కన ఇంకో మందిరం లేచింది.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు ఒకటి మర్చిపోకూడదు. ఈ పాపం పైకులాలవాళ్ళ దగ్గరే ఆగలేదు. మాలలు మాదిగలను, ఆ ఇద్దరూ కలిసి డక్కలివాళ్ళను, రెడ్ల నుంచో బోయల నుంచో విశ్వాసంలోకి వచ్చినవాళ్ళు మిగతా అందరినీ తక్కువగా చూడటం మన సంఘాల్లో కళ్ళెదుటే జరుగుతోంది. దెబ్బ తిన్నవాడు కూడా తనకంటే కింద ఒకణ్ణి వెతుక్కుంటాడు. మనిషి పాపస్వభావం ఎంత లోతుగా ఉందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అలాగని అందరి తప్పూ సమానమని తేల్చేయకండి. వెయ్యేళ్ళుగా భూమి, బావి, గుడి చేతిలో పెట్టుకున్నవాళ్ళ తప్పు బరువు వేరు.

బోధలో మూడు చోట్ల కాలు జారుతుంది.

మొదటిది, "అందరం పాపులమే కదా, ఒకర్నొకరు వేలెత్తి చూపడం ఎందుకు" అనే మాట. రోమా 3:23 చదివి ఈ మాట అంటారు. ఆ వచనం ముందున్న రెండో అధ్యాయం, తర్వాతున్న 27వ వచనం కలిపి చదివించండి. పౌలు ఆ మాట అన్నది పుట్టుకను చూసుకుని అతిశయపడేవాళ్ళ నోరు మూయించడానికి. జరిగిన అన్యాయాన్ని మాఫీ చేయడానికి ఆ మాట వాడితే అది వాక్యాన్ని తలకిందులు చేసినట్టే. కులం ఏమంటుంది? కొందరు పుట్టుకతోనే మైల, కొందరు పుట్టుకతోనే శుద్ధం అంటుంది. వాక్యం ఆదికాండము 1:27లో ప్రతి మనిషీ దేవుని స్వరూపమని, కీర్తన 51:5లో మనిషి పాపంలోనే పుట్టాడని చెబుతుంది. ఘనతా సమానమే, మలినమూ సమానమే. ఈ రెండూ ఒకే ఆదివారం, ఒకే ప్రసంగంలో చెప్పాలి. మొదటిది మాత్రమే చెబితే పశ్చాత్తాపం రాదు. రెండోది మాత్రమే చెబితే, చిన్నప్పట్నుంచీ అవమానాలు మింగినవాళ్ళ మీద ఇంకో అవమానం వేసినట్టవుతుంది.

రెండోది, పాపం హృదయంలోనే ఉంటుంది కాబట్టి ప్రార్థన చేస్తే పోతుందనుకోవడం. కులం కూర్చునే చాపలో, తాగే గ్లాసులో, రిజిస్టరు గడుల్లో కూడా ఉంది. ఎవరి మనసులోనూ ద్వేషం లేకపోయినా ఆ ఏర్పాటు తన పని తాను చేసుకుపోతుంది.

మూడోది, హాము శాపం. "నల్లవాళ్ళు హాము సంతానం, అందుకే వాళ్ళకు ఆ బతుకు" అని ఇప్పటికీ చెప్పే ప్రసంగీకులు ఉన్నారు. ఆదికాండము 9:25 తెరిచి చూపించండి. శాపం పడింది హాము కొడుకుల్లో కనాను మీద. నల్లవాళ్ళ దేశమైన కూషుకు మూలపురుషుడు కూషు, కనానుకు అన్న; అతని వంశం 10వ అధ్యాయంలో వేరుగా ఉంది. మోషే కూషు స్త్రీని పెళ్ళాడాడని మిర్యాము సణిగితే, సంఖ్యాకాండము 12లో దేవుడు మిర్యాము మీద కోపపడ్డాడు. ఆమె చర్మం కుష్ఠుతో మంచులా తెల్లబడింది. యిర్మీయాను బురద గోతిలోంచి లాగి బతికించిన ఎబెద్మెలెకు కూషీయుడు (యిర్మీయా 38). అంతియొకయ సంఘంలోని ప్రవక్తలు, బోధకుల్లో నీగెరు (నల్లనివాడు) అనబడిన సుమెయోను ఉన్నాడు (అపొ. కార్యములు 13:1). ఇవి సండే స్కూలు పిల్లలకు కూడా నేర్పాలి. సెలవుల బైబిలు బడిలో పాపానికి గుర్తుగా నల్ల కాగితపు హృదయం చూపించే అలవాటు ఉంది. నల్లగా ఉన్న పాప దాన్ని చూసి ఏమనుకుంటుందో ఆలోచించండి. యెషయా 1:18లో పాపం రంగు ఎరుపు. తెల్ల గుడ్డ మీద ఎర్ర సిరా ఒలికించి చూపిస్తే వాక్యానికీ దగ్గర, ఎవరి చర్మానికీ తగలదు.

ఎప్పుడు మొదలుపెట్టాలి

శ్రమల కాలపు నలభై రోజులే దీనికి సరైనవని చాలామంది కాపరులు అనుకుంటారు. పట్టణంలో అది సరిపోతుంది. పల్లెలో సరిపోదు. కర్నూలు పడమటి వైపు కోసిగి, ఆదోని ప్రాంతాల బీద కుటుంబాలు చలికాలం నుంచి ఉగాది దాకా గుంటూరు వైపు మిరపకోతలకు వలస పోతాయి. అనంతపురం వైపువాళ్ళు బెంగళూరు పనులకు పోతారు. అప్పుడు మొదలుపెడితే ఎవరి మాట మొదట వినాలో వాళ్ళే ఊర్లో ఉండరు, మిగిలినవాళ్ళు కూర్చుని "అంతా బాగుంది" అని రాసుకుంటారు. బుడ్డలు (వేరుశనగ) విత్తి కలుపు తీతలు అయిపోయాక, కోతలకు ముందు, అంటే ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా అయితే అందరూ దొరుకుతారు. సంఘ ఎన్నికలున్న ఏడాది మాత్రం వద్దు. ఎంత పరిశుద్ధంగా మొదలుపెట్టినా ఓట్ల లెక్కలోకి పోతుంది.

పుస్తకం రాయడం

ఐదుగురిని ఏర్పరచండి. ఇద్దరైనా స్త్రీలు ఉండాలి. సంఘంలో అందరికంటే తక్కువ మంది ఉన్న కులం నుంచి కనీసం ఇద్దరు ఉండాలి. ఒక్కరినే పెడితే ఆ ఒక్కరు నలుగురి ముందు నోరు తెరవలేరు. కోశాధికారి, కాపరి భార్య, సంఘానికి స్థలం ఇచ్చిన కుటుంబంవాళ్ళు ఇందులో ఉండకపోతే మంచిది. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు, వాళ్ళ ముందు మిగతావాళ్ళు మొహమాటపడతారు.

రెండు వందల పేజీల నోటు పుస్తకం ఒకటి తీసుకుని గడిచిన 52 ఆదివారాల వివరాలు రాయండి. వాక్యం ఎవరు చదివారు, ప్రార్థన ఎవరు చేశారు, కానుక ఎవరు పట్టారు, డబ్బు ఎవరు లెక్కించారు, బల్ల దగ్గర ఎవరు నిలబడ్డారు, మందిరం ఎవరు ఊడ్చారు, గిన్నెలు ఎవరు తోమారు. ఒక్కో పనికి ఒక్కో పేజీ. పేరు పక్కన గేరి పేరు పెన్సిలుతో రాయండి, పని ముగిశాక చెరిపేయాలి. జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. కానుకల రిజిస్టరు, ఆరాధన క్రమం కాగితాలు, స్త్రీల సమాజం మినిట్స్ పుస్తకం ముందేసుకుని రాయండి. చాలా సంఘాల్లో రెండో పేజీ తిప్పేలోపే సంగతి బయటపడుతుంది. ఊడ్చే పేజీలో ఉన్న పేర్లు లెక్కించే పేజీలో ఉండవు.

తర్వాత బాప్తిస్మం, పెండ్లి, భూస్థాపన రిజిస్టర్లు చూడండి. కులం గడి ఉందా? 1872 భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇచ్చే నోటీసుకు కావలసినవి పేరు, ఇంటిపేరు, వృత్తి, నివాసం, అక్కడ ఎంతకాలంగా ఉంటున్నారన్నది, పెండ్లి జరిగే మందిరం. కులం అడగమని చట్టం చెప్పలేదు. గడి ఉంటే అది సంఘం సొంతంగా పెట్టుకున్నదే, తీసేయవచ్చు.

ఇక్కడే ఒక జాగ్రత్త. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే ఉంది. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవాళ్ళను మన రాష్ట్రం బీసీ-సి లో పెట్టింది. దీనివల్ల ఎవరి సర్టిఫికెట్ ఏమిటన్నది ప్రతి ఇంట్లో నొప్పిగా ఉన్న సంగతి. పుల్పిట్ మీద గానీ, ఈ పుస్తకంలో గానీ దాని జోలికి పోకండి. ఈ పని అందుకు ఆయుధంగా మారిందని ఒక్కరికి అనుమానం వచ్చినా అక్కడితో అంతా ఆగిపోతుంది.

ఇళ్ళకు వెళ్ళి వినడం

కాగితం చెప్పనివి మనుషులు చెబుతారు. కమిటీ మీటింగుకు పిలిచి అడిగితే మాత్రం చెప్పరు. ఇద్దరిద్దరుగా ఇళ్ళకు వెళ్ళండి. అందరికంటే కింద ఉన్న గేరితో మొదలుపెట్టండి. వాళ్ళు కూర్చోమన్నచోట కూర్చోండి. ఇచ్చిన నీళ్ళు తాగండి, సంగటి పెడితే తినండి. బాటిల్ నీళ్ళు చేతిలో పట్టుకుని వెళ్ళి కుల వివక్ష గురించి అడిగితే ఆ ఇంట్లో ఒక్క నిజమూ వినబడదు. ఇంటి ఆడవాళ్ళతో ఆడవాళ్ళే విడిగా మాట్లాడాలి. విందు గిన్నెల దగ్గర, బోరింగు దగ్గర ఏం జరుగుతుందో మగవాళ్ళకు చాలావరకు తెలియదు.

"మీకు వివక్ష జరుగుతోందా?" అని అడగొద్దు. "అయ్యో, అట్లాంటిదేం లేదన్నా" అంటారు. చిన్న ప్రశ్నలు వేయండి. మందిరంలో ఎప్పుడూ ఎక్కడ కూర్చుంటారు, అక్కడే ఎందుకు? విందులో మీరు ఏ పని చేస్తారు? సంఘంలో మిమ్మల్ని ఎవరు ఏమని పిలుస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. అరవై ఏళ్ళ తాతను ఇరవై ఏళ్ళ కుర్రాడు పేరు పెట్టి "ఒరే" అని పిలవడం మందిరం గడప లోపల కూడా జరుగుతుంది. చెప్పినవాళ్ళ పేరు రాయొద్దు, సంగతి మాత్రమే రాయండి. అరగంట నుంచి ముప్పావుగంట దాకా చాలు. వెళ్ళేటప్పుడు ప్రార్థన వాళ్ళనే చేయమనండి.

నాలుగు వారాల బోధ

ఆదివారం ఒక భాగం, ఆ వారం గృహ కూడికల్లో అదే భాగం మీద చర్చ. మొదటి వారం ఆదికాండము 1, రోమా 3. రెండో వారం యాకోబు 2:1-9. మూడో వారం గలతీ 2:11-14. నాలుగో వారం 1 కొరింథీ 11:17-34. గలతీ 3:28తో మొదలుపెట్టొద్దని మా గట్టి సలహా. ఆ వచనం అందరికీ నోటికి వచ్చు, ఆమేన్ అనేసి వింటున్నామనుకుంటారు. తెగులు చూపించకుండా మందు పేరు చెప్పినట్టు ఉంటుంది.

మూడో వారం మీద ఎక్కువ సమయం పెట్టండి. పేతురు అంతియొకయలో అన్యజనులతో కలిసి తినేవాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు యూదులు వచ్చేసరికి భయపడి పక్కకు తప్పుకున్నాడు. అతని సిద్ధాంతం మారలేదు, ఎవర్నీ తిట్టలేదు, కేవలం లేచి ఇంకో చోట కూర్చున్నాడు. పౌలు దాన్ని అందరి ముందూ నిలదీసి, అది సువార్త సత్యానికి తగిన నడత కాదన్నాడు. అపొస్తలుడే బంధువుల ముఖం చూసి జారిపోయాడు. మన సంఘాల్లో కూడా ఈ పాపానికి మూలం చాలాసార్లు ద్వేషం కంటే "ఊర్లో మావాళ్ళు ఏమనుకుంటారో" అన్న భయమే. గృహ కూడికలో ఈ ప్రశ్న వేసి ఐదు నిమిషాలు మౌనంగా ఉండండి: ఎవరు చూస్తారని నేను ఎవరి పక్కనుంచి లేచాను?

ఈ వారమే ఎవరో ఒకరు రోమా 14 ఎత్తుతారు. "బలహీనుడైన సహోదరుడికి ఆటంకం కలగకూడదు కదా, కొత్తగా వచ్చిన ఆ కుటుంబానికి ఇబ్బందిగా ఉంటుంది, కొన్నాళ్ళు విడిగా వడ్డిద్దాం" అంటారు. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. రోమా 14 ఏం తినాలన్న దాని గురించి. గలతీ 2 ఎవరితో కూర్చుని తినాలన్న దాని గురించి. మొదటి దానిలో సర్దుకోవచ్చు. రెండో దానిలో సర్దుకోవడానికి పౌలు ఒప్పుకోలేదు. 1857లో దక్షిణాఫ్రికా సంఘం దారి తప్పింది సరిగ్గా ఇక్కడే.

నాలుగో వారం కొరింథు సంఘం. తీరిక ఉన్నవాళ్ళు ముందొచ్చి తినేశారు, కష్టం చేసి వచ్చినవాళ్ళకు ఏమీ మిగల్లేదు. 33వ వచనంలో పౌలు చెప్పిన పరిష్కారం చాలా మామూలుది: ఒకరి కోసం ఒకరు ఆగండి. మన విందు ఎన్ని గంటలకు మొదలవుతుందో, కూలికి పోయినవాళ్ళు ఎన్నింటికి వస్తారో పక్కపక్కన రాసి చూడండి.

ఒప్పుకోలు

ఐదో ఆదివారం. ముందు రాత్రి ఉపవాస ప్రార్థన పెట్టుకోవచ్చు. నెహెమ్యా 9, దానియేలు 9 చదివించండి. దానియేలు తాను చేయని పాపాలను కూడా "మేము" అని ఒప్పుకున్నాడు. "మా తాతల కాలంలో జరిగింది, మాకేం సంబంధం" అన్నదానికి అదే జవాబు.

ఒప్పుకోలు రాసి చదవాలి. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెబితే ఏడుపు ఎక్కువై సంగతి తక్కువవుతుంది. అరపేజీ చాలు. చేసిన పని, జరిగిన చోటు, ఎవరికి జరిగిందో ఉండాలి. "ఎవరికైనా బాధ కలిగి ఉంటే", "తెలిసో తెలియకో" అన్న మాటలు కొట్టేయండి. ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, ఈ మందిరంలో మేము నీ బల్ల దగ్గర వరసలు పెట్టుకున్నాము. ఫలానా గేరి నుంచి వచ్చిన మా అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను చివరికి నిలబెట్టాము. విందు రోజున వాళ్ళ చేత గిన్నెలు తోమించి, వంట దగ్గరికి రానివ్వలేదు. పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలిచాము. వాళ్ళు ఇచ్చిన కానుక తీసుకుని, దాన్ని లెక్కపెట్టే పని వాళ్ళకు ఇవ్వలేదు. ఇది అలవాటు అనుకున్నాము. ఇది పాపం. నీ స్వరూపాన్ని అవమానించాము. మమ్మల్ని క్షమించు. వచ్చే ఆదివారం నుంచి వీటిని మారుస్తాము, ఎలాగో ఈ సంఘం ముందే చెబుతున్నాము."

ఆ తర్వాత చేయబోయే మార్పులు చదవాలి. ఈ ఒప్పుకోలును కాపరి ఒక్కడే చదివితే సంఘం తప్పించుకున్నట్టే. ఆ పాపంలో పాలున్న పెద్దల్లో వయసులో పెద్దాయన చదవాలి, మిగతా పెద్దలు పక్కన నిలబడాలి.

చెడిపోయేది సాధారణంగా ఇక్కడే. చదవడం అయిపోగానే బాధపడ్డవాళ్ళను ముందుకు పిలిచి, కౌగిలించుకుని, "క్షమించాము అని చెప్పండి" అంటారు. అలా చేయొద్దు. నలుగురి ముందు అడిగితే కాదనలేక తలూపుతారు, అది ఇంకో బలవంతం అవుతుంది. క్షమాపణ వాళ్ళకు వీలైనప్పుడు, వాళ్ళకు తోచినట్టు వస్తుంది. వాళ్ళ చేత సాక్ష్యం చెప్పించొద్దు. కాళ్ళు కడిగే కార్యక్రమాలు, ఫొటోలు, వీడియోలు, వాట్సాప్ స్టేటస్‌లు వద్దు.

దిద్దడం

సంఖ్యాకాండము 5:7 ప్రకారం పాపం ఒప్పుకున్నవాడు నష్టం తిరిగిచ్చి దానికి ఐదో వంతు కలపాలి. జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు. కాబట్టి ఏమైనా డబ్బు, కూలి, స్థలం బాకీ ఉంటే ముందు అది తీర్చండి. మందిరం ఊడ్చే పని ఏళ్ళుగా ఒకే ఇంటివాళ్ళు ఊరికే చేస్తుంటే, అది సేవ అని పేరు పెట్టి దాటేయకండి. జీతం కట్టండి, లేదా అందరికీ వంతు వేయండి. వంతు వేస్తే పెద్దల ఇళ్ళతో మొదలవ్వాలి.

కూర్చోవడం: యాకోబు 2:3 చదివాక కుర్చీల సంగతి ఎవరూ కాదనలేరు. చాలా మందిరాల్లో జనం చాపల మీద, ఉద్యోగస్తులు కుర్చీల్లో. కుర్చీ వయసును, మోకాళ్ళ నొప్పిని, గర్భిణులను బట్టి ఇవ్వండి. టీచరైనా, పోలీసైనా కాళ్ళు బాగున్నవాళ్ళు చాప మీదే.

ప్రభుబల్ల: ఏ వరస నుంచి మొదలుపెట్టాలన్నది ప్రతిసారీ మార్చండి. ఒక నెల వెనక వరస నుంచి, ఒక నెల ఎడమ పక్క నుంచి. సంఘ పెద్దలు, కాపరి కుటుంబం చివర తీసుకోవాలి. ఒకే పాత్ర వాడే సంఘమైతే అదే పాత్ర అందరికీ. చిన్న గ్లాసులు వాడితే ఒక్కో దానికి 10 నుంచి 15 మి.లీ. ద్రాక్షరసం పడుతుంది, వంద మందికి లీటరున్నర సిద్ధం చేసుకోండి. అన్నీ ఒకే పళ్ళెంలో కలిపి ఉంచి, ఎవరికి అందింది వాళ్ళు తీసుకోవాలి. ఆరోగ్యం కోసం చిన్న గ్లాసులు తెచ్చుకోవడంలో తప్పు లేదు. ఇంకో గేరివాళ్ళు సంఘంలో చేరిన ఏడాదే అవి వచ్చి ఉంటే మాత్రం, ఎందుకొచ్చాయని పెద్దలు తమను తాము ప్రశ్నించుకోవాలి.

ప్రేమవిందు: ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది దీని మీదే. వంటకు పొయ్యికి నలుగురు చొప్పున, ఏ ఇద్దరూ ఒక గేరివాళ్ళు కాకుండా జట్లు వేయండి. పేర్లు వారం ముందే గోడకు అంటించండి. వంద మందికి 11 నుంచి 12 కిలోల బియ్యం, మూడు మూడున్నర కిలోల కందిపప్పు పడతాయి. సామాను ఇళ్ళ నుంచి తెమ్మనకండి, "ఆ బియ్యం ఎవరింటివి" అన్న ఆరా మొదలవుతుంది. కానుక డబ్బుతో ఒకే అంగట్లో కొనండి. నీళ్ళకు ఒకే డ్రమ్ము, ముంచడానికి ఒకే చెంబు. వడ్డించేది పెద్దలు, గిన్నెలు తోమేది యవ్వనస్థుల్లో మగపిల్లలు. బంతిలో ఎవరు ఏ పక్క కూర్చోవాలో ముందే చెప్పకపోతే ఎవరివాళ్ళ పక్కన వాళ్ళు చేరతారు. అంకెలు రాసిన చీటీలు పంచి ఆ వరసలో కూర్చోబెట్టండి.

మాంసం సంగతి తప్పక వస్తుంది. అందరూ తినేది వండటం సబబే, పప్పు అన్నమో కోడికూరో చేసుకోండి. పెద్దకూర తినేవాళ్ళ ఇంటి ఆహారాన్ని ఎగతాళి చేయడం, అది తిన్నవాళ్ళకు సాక్ష్యం లేదనడం మాత్రం ఒప్పుకోవద్దు. మార్కు 7:19లో ప్రభువు తేల్చిన విషయాన్ని మనం మళ్ళీ తెరవనక్కర్లేదు.

సమాధుల తోట: ఇప్పటికే ఉన్న సమాధులు కదిలించలేం. ఇక మీదట చనిపోయిన తేదీ వరసలో, గేరితో పని లేకుండా పక్కపక్కనే పూడ్చాలని తీర్మానం రాసి సంతకాలు తీసుకోండి. భార్యాభర్తలకు పక్కపక్కన చోటు ఉంచుకోవడం ఒక్కటే మినహాయింపు. ఎవరైనా చనిపోయాక మాట్లాడదామంటే కుదరదు, దుఃఖంలో ఉన్న ఇంటితో వాదించలేం.

డబ్బు, పదవులు: అపొ. కార్యములు 6లో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు అన్యాయం జరిగిందని సణుగు పుడితే, ఏర్పరచిన ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ళ చేతికే పంపకం ఇచ్చారు. మీ నోటు పుస్తకంలో లెక్కించే పేజీలో లేని గేరి నుంచి ఇద్దరిని ఈ ఏడాదే కోశాధికారి పక్కన కూర్చోబెట్టండి.

పెళ్ళిళ్ళు: అందరికంటే ఆలస్యంగా కదిలేది ఇదే. సంబంధాల చీటీల్లో "క్రిస్టియన్" పక్కన కులం పేరు, "తెల్లని అమ్మాయి కావలెను" అన్న మాట రాస్తే సంఘం నోటీసు బోర్డు మీద పెట్టబోమని చెప్పండి. కాపరి సంబంధం కలిపేటప్పుడు కులం చెప్పడం మానాలి. రెండు గేరుల పిల్లలు ఇష్టపడి వస్తే, ఇద్దరూ మేజర్లైతే, మూడు ఆదివారాల ప్రకటన చేసే సంఘాల్లో దాన్ని ఎవరికోసమూ ఆపకూడదు. బెదిరింపులు వస్తే రాజీ పంచాయితీ పెట్టకండి. అలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని సుప్రీంకోర్టు 2018 మార్చిలో ఆదేశాలిచ్చింది. జిల్లా ఎస్పీ ఆఫీసులో రాతపూర్వకంగా ఇచ్చి, రశీదు తీసుకోండి. అత్యవసరమైతే 112. మత్తయి 18 అన్నదమ్ముల తగవు తీర్చడానికే గానీ, ప్రాణభయం ఉన్నచోట పోలీసులను ఆపడానికి కాదు. అలాగే అంటరానితనం పేరుతో ఎవర్నైనా మందిరంలోకి రాకుండా ఆపితే అది 1955 పౌర హక్కుల రక్షణ చట్టం కింద నేరం.

ఎదురయ్యేవి

ఒకటి రెండు కుటుంబాలు వెళ్ళిపోతాయి, బహుశా ఎక్కువ కానుక ఇచ్చేవే. కాపరి జీతం ఆ ఇళ్ళ మీద ఆధారపడి ఉంటే ఈ పని మధ్యలో ఆగుతుంది. అందుకే మొదలుపెట్టే ముందే మూడు నెలల జీతం సంఘం ఖాతాలో విడిగా ఉంచాలి. వెళ్ళినవాళ్ళ ఇంటికి పెద్దలు నెల లోపు రెండుసార్లు వెళ్ళాలి. రమ్మని అడగాలి, కానీ మార్పులు వెనక్కి తీసుకుంటామని మాత్రం చెప్పకూడదు. పక్క ఊరి కాపరి వాళ్ళను చేర్చుకుంటే ఆయనతో ముఖాముఖి మాట్లాడండి. ఆయన మీద ప్రసంగాలు చేయకండి.

"ఇది రాజకీయం" అని ఒక మాట వస్తుంది. ఎస్సీ రిజర్వేషన్ల వర్గీకరణ గొడవతో గేరుల మధ్య వేడి ఉన్న రోజులివి. ఆ చర్చ మందిరంలో పెట్టబోమని, ఎవరి డిమాండు సరైందో సంఘం తేల్చదని ముందే చెప్పండి. గిన్నె, చాప, సమాధి, సంతకం, ఈ నాలుగింటికే కట్టుబడండి.

మూడు నెలలయ్యాక పాత అలవాటు మెల్లగా తిరిగొస్తుంది. వంట జట్టు చీటీ అంటించడం మర్చిపోతారు, కుర్చీలు మళ్ళీ ముందుకు జరుగుతాయి. ఏడాది తిరిగాక అదే ఐదుగురు, లేదా వాళ్ళలో ముగ్గురు, కొత్త పుస్తకంలో ఆ 52 ఆదివారాలు మళ్ళీ రాసి, రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి సంఘానికి చదివి వినిపించాలి. కాపరికి బదిలీ అయితే రిజిస్టర్లతో పాటు ఆ పుస్తకాలు కూడా కొత్త కాపరికి అప్పగించి సంతకం తీసుకోవాలి.